దాడి కేసులో శిక్ష ఎక్కువ పడిందా? విశాఖలో అప్పీలు ఎలా వేయాలి

"కొట్టింది నిజమే. కానీ ఇన్నేళ్ల శిక్షా?" తీర్పు వచ్చిన రోజు ముద్దాయి ఇంటివాళ్లు అందరూ అడిగే ప్రశ్న ఇది. శిక్ష కాలం గురించి అప్పీలు చేసుకునే హక్కు చట్టంలో ఉంది. అయితే "దయ చూపండి" అన్న మాటతో శిక్ష తగ్గదు. కింది కోర్టు ఏ కాగితం చూడలేదో, ఏ విషయం లెక్కలోకి తీసుకోలేదో వేలుపెట్టి చూపిస్తేనే తగ్గుతుంది. గడువు దాటితే ఆ చూపించే అవకాశం కూడా కష్టమవుతుంది. అందుకే కింది పనులను వరసగా చేయండి.

ముందు చేతిలో ఉండాల్సినవి

- తీర్పు నకలు. జైలు శిక్ష పడితే ముద్దాయికి ఒక నకలు వెంటనే ఉచితంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ రోజే అడగండి.
- తీర్పుతో పాటు వచ్చే క్యాలెండర్ పేజీ. అరెస్టు తేదీ, బెయిలు తేదీ, విచారణ మొదలైన తేదీ అందులో ఉంటాయి.
- ఛార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు, వూండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టరు ఇచ్చే పత్రం), ఎక్స్‌రే రిపోర్టు నకళ్లు. కె.జి.హెచ్.లో చికిత్స జరిగి ఉంటే అక్కడి డాక్టరు కోర్టులో చెప్పిన సాక్ష్యం కూడా.
- రిమాండులో ఎన్ని రోజులు ఉన్నారో తెలిపే జైలు ధృవీకరణ పత్రం.
- జరిమానా కట్టి ఉంటే రసీదు.
- వయసు, ఉద్యోగం, ఇంటి మీద ఆధారపడినవాళ్లు, వాళ్ల జబ్బులు: వీటిలో ప్రతిదానికీ ఒక కాగితం.

1. తీర్పు చివరి రెండు పేజీలు ముందు చదవండి

శిక్ష అక్కడే ఉంటుంది. ఒక తెల్ల కాగితం తీసుకుని ఈ విషయాలు రాసుకోండి.

ఏ సెక్షన్? సంఘటన 2024 జూలై 1కి ముందు జరిగితే పాత ఐ.పి.సి. (భారత శిక్షాస్మృతి) వర్తిస్తుంది, ఆ తర్వాత జరిగితే భారతీయ న్యాయ సంహిత. తీర్పు ఎప్పుడు వచ్చిందన్నది కాదు, దెబ్బ ఎప్పుడు తగిలిందన్నదే లెక్క. తీవ్ర గాయానికి ఐ.పి.సి. 325, సంహితలో 117(2): గరిష్ఠంగా 7 ఏళ్లు. ప్రమాదకర ఆయుధంతో తీవ్ర గాయం చేస్తే ఐ.పి.సి. 326, సంహితలో 118(2): 10 ఏళ్ల వరకు, లేదా యావజ్జీవం. ఇక్కడ చాలామంది గమనించని తేడా ఒకటుంది. 326లో కనీస శిక్ష లేదు. 118(2)లో ఏడాదికి తక్కువ వేయకూడదు. కాబట్టి కొత్త చట్టం కింద 118(2)లో శిక్ష పడినవారు, ఆ సెక్షన్ అలాగే నిలిస్తే, "ఇప్పటిదాకా ఉన్న మూడు నెలలతో సరిపెట్టండి" అని అడిగితే ఆ కోరిక చట్టానికే విరుద్ధమవుతుంది.

ఒకటి కంటే ఎక్కువ సెక్షన్లలో శిక్ష పడిందా? పడితే "ఏకకాలంలో అనుభవించాలి" అన్న మాట ఉందో లేదో చూడండి. ఆ మాట లేకపోతే ఒక శిక్ష పూర్తయ్యాక ఇంకొకటి మొదలవుతుంది. రెండేళ్లు, ఏడాది కలిసి మూడేళ్లవుతాయి. ఒకే గొడవలో ఒకే వ్యక్తికి తగిలిన దెబ్బలకు శిక్షలు వరసగా నడుస్తుంటే, అప్పీలులో అన్నిటికంటే ముందు పట్టుకోవాల్సింది అదే.

జరిమానా కట్టకపోతే ఎన్ని నెలలు? ఆ కాలం సెక్షన్ గరిష్ఠ శిక్షలో నాలుగో వంతు మించకూడదు. ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు వేయగలిగిన శిక్షే మూడేళ్లు కాబట్టి, జైలుతో పాటు జరిమానా కూడా వేసిన కేసులో ఆయన కోర్టు నుంచి ఇది 9 నెలలు దాటకూడదు. దాటితే అది చట్టపరమైన తప్పు, వాదన కూడా పెద్దగా అవసరం లేదు.

రిమాండు రోజులు తగ్గించమని రాశారా? క్యాలెండర్‌లో అరెస్టు, బెయిలు తేదీలు మీ లెక్కతో సరిపోయాయా? ఇక్కడ తేదీ తప్పుపడితే జైల్లో విడుదల తేదీ కూడా తప్పుతుంది.

శిక్ష వేసే ముందు ముద్దాయిని శిక్ష విషయమై అడిగారా, అతను చెప్పింది తీర్పులో ఉందా? చాలా తీర్పుల్లో ఈ భాగం రెండు వాక్యాల్లో ముగుస్తుంది. ముద్దాయి "మా అమ్మ డయాలసిస్ మీద ఉంది" అని చెప్పినా అది రాయకపోతే, లేదా రాసి దాని గురించి ఒక్క మాట కూడా చెప్పకపోతే, అది బలమైన గ్రౌండ్, అంటే అప్పీలుకు చూపే కారణం.

2. ఏ కోర్టుకు వెళ్లాలో తేల్చుకోండి

ఇక్కడ లెక్కలోకి వచ్చేది సెక్షన్ కాదు, శిక్ష వేసిన కోర్టు.

మెజిస్ట్రేటు కోర్టు శిక్ష వేస్తే అప్పీలు సెషన్స్ కోర్టుకు. విశాఖలో ప్రిన్సిపల్ జిల్లా కోర్టులో ఫైలు చేస్తారు, నంబరు పడ్డాక తరచూ అదనపు సెషన్స్ కోర్టుకు మేడ్ ఓవర్ (బదిలీ) అవుతుంది. అప్పీలు ఏ హాలుకు వెళ్లిందో కోర్టుల వెబ్‌సైట్ ఇ-కోర్ట్స్‌లో చూసుకోండి.

సెషన్స్ కోర్టు గానీ అదనపు సెషన్స్ కోర్టు గానీ శిక్ష వేస్తే, అది రెండేళ్లయినా సరే, అప్పీలు హైకోర్టుకే. ఉదాహరణకు హత్యాయత్నం కేసు సెషన్స్‌లో నడిచి, చివరికి తీవ్ర గాయం కింద మాత్రమే శిక్ష పడితే మీరు వెళ్లాల్సింది అమరావతిలో నేలపాడు దగ్గరున్న హైకోర్టుకు. ఏ కోర్టు వేసినా ఏడేళ్లకు మించిన శిక్ష అయితే అప్పీలు హైకోర్టుకే.

నేరం ఒప్పుకున్నవారు అప్పీలు లేదనుకుంటారు. నేర నిర్ధారణ మీద లేదు. శిక్ష ఎంత అన్నదాని మీదా, అది చట్టప్రకారం ఉందా అన్నదాని మీదా ఉంది.

3. గడువును క్యాలెండర్ మీద గీసుకోండి

సెషన్స్ కోర్టుకు 30 రోజులు, హైకోర్టుకు 60 రోజులు. తీర్పు చెప్పిన రోజు లెక్కలోకి రాదు. నకలుకు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి నకలు సిద్ధమైన రోజు వరకు పట్టిన కాలం తీసివేస్తారు.

ఉదాహరణ: మెజిస్ట్రేటు తీర్పు మార్చి 10న వచ్చింది. నకలుకు 12న దరఖాస్తు పెట్టారు, 24న సిద్ధమైంది. 30 రోజుల గడువు ఏప్రిల్ 9తో ముగుస్తుంది. నకలుకు పట్టిన 13 రోజులు కలిపితే ఏప్రిల్ 22.

ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, నకలు 24న సిద్ధమైనా తీసుకోవడానికి 30న వెళ్లడం. ఆ ఆరు రోజులూ మీ ఖాతాలోవే, ఎవరూ తీసివేయరు. నకలు వెనక ఉండే ముద్రల్లో దరఖాస్తు తేదీ, సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ ఉంటాయి. చేతికి అందగానే ఆ మూడూ చదవండి. ఇంకో జాగ్రత్త: ఉచిత నకలు తీర్పు రోజే చేతికి వచ్చి ఉంటే ఈ అదనపు రోజులను నమ్ముకోకండి. అసలు గడువులోపలే వేసేయడం క్షేమం.

గడువు దాటితే తలుపు పూర్తిగా మూసుకోదు. ఆలస్యాన్ని మన్నించమని అప్పీలుతో పాటు వేరే పిటిషన్, అఫిడవిట్ వేయాలి. ఎన్ని రోజుల ఆలస్యమో సరిగ్గా లెక్కగట్టి, కారణానికి ఆధారం జతచేయాలి. "ఆర్థిక ఇబ్బందుల వల్ల" అన్న ఒక్క మాట సరిపోదు. ఆసుపత్రి చీటీ, జైలు నుంచి కాగితాలు ఆలస్యంగా వచ్చినట్టు చూపే లేఖ లాంటివి కావాలి.

4. శిక్షను నిలిపివేయించుకోండి, అదే రోజు

అప్పీలు వేసినంత మాత్రాన శిక్ష ఆగదు. దానికి వేరే పిటిషన్ కావాలి. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 430, పాత సి.ఆర్.పి.సి.లో 389.

విచారణలో బెయిలు మీద ఉండి, శిక్ష మూడేళ్లకు మించకపోతే, తీర్పు చెప్పిన కోర్టునే అప్పీలు వేసుకునేదాకా వదలమని అడగవచ్చు. తీర్పు రోజు వకీలు ఈ పిటిషన్ సిద్ధంగా పెట్టుకుని రావాలి, ఇద్దరు జామీనుదారులు కోర్టు బయట ఉండాలి. ఇంటి పన్ను రసీదు, ఆధార్, ఫొటోలు వాళ్ల దగ్గర ఉండేలా ముందురోజే చెప్పండి. సాయంత్రం అయిదయ్యాక జామీను కాగితాల కోసం పరుగులు పెడితే ఆ రాత్రి అడవివరం సెంట్రల్ జైలే.

కింది కోర్టు ఇచ్చే నిలుపుదల కొన్ని రోజులకే ఉంటుంది. ఆలోగా అప్పీలు కోర్టు నుంచి కొత్త ఉత్తర్వు రావాలి. అప్పీలు వేసి, నిలుపుదల పిటిషన్ మర్చిపోయి, గడువు ముగిసి వారంటు వచ్చిన కేసులు చాలానే ఉంటాయి. రెండూ ఒకే రోజు ఫైలు చేయండి.

మూడేళ్లు దాటిన శిక్షకు, నేరం బెయిలబుల్ కాకపోతే, నేరుగా అప్పీలు కోర్టునే అడగాలి. పదేళ్లు లేదా అంతకు మించిన శిక్ష అయితే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇచ్చాకే వదులుతారు, కొంత సమయం పడుతుంది. నిర్ణీత కాలపు శిక్షల విషయంలో నిలుపుదల అభ్యర్థనను ఉదారంగా చూడాలని సుప్రీంకోర్టు 1999లో భగవాన్ రామా షిండే గోసాయి కేసులో చెప్పింది. అప్పీలు వినేలోపే శిక్ష పూర్తయిపోతే అప్పీలుకు అర్థం ఉండదన్నది దాని ఆంతర్యం. మీ పిటిషన్‌లో ఆ కేసు పేరు ఉండాలి.

ఒక హెచ్చరిక: నిలుపుదల మీద బయట ఉన్న కాలం శిక్షలో జమ కాదు.

5. శిక్ష మీద మాత్రమేనా, నేర నిర్ధారణ మీద కూడానా?

నేరం ఒప్పుకుని ఉంటే శిక్ష మీద మాత్రమే. మిగతా కేసుల్లో మా సలహా: రెండూ రాయండి. మొదటి కోరిక నేర నిర్ధారణ రద్దు లేదా చిన్న సెక్షన్‌కు మార్పు, ప్రత్యామ్నాయంగా శిక్ష తగ్గింపు. శిక్షకే పరిమితం చేసుకుంటే నేర నిర్ధారణ ఖరారైపోతుంది. స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో నేవల్ డాక్‌యార్డులోనో ఉద్యోగం చేసేవారికి శిక్ష కంటే అదే ఎక్కువ దెబ్బ.

సెక్షన్ మారితే శిక్ష దానంతట అదే దిగుతుంది. కాబట్టి గాయం నిజంగా "తీవ్ర గాయం" అవునో కాదో మెడికల్ రికార్డులో వెతకండి. ఎముక విరగడం, పన్ను ఊడడం తీవ్ర గాయమే. కానీ ఎక్స్‌రే ఫిల్మ్ కోర్టులో దాఖలు కాకుండా, తీసిన డాక్టరు సాక్ష్యం లేకుండా "ఫ్రాక్చర్" అని వూండ్ సర్టిఫికెట్‌లో రాసి ఉంటే దాన్ని ప్రశ్నించవచ్చు. ఆసుపత్రిలో ఉన్న రోజులను ఆధారం చేసుకుంటే, ఐ.పి.సి.లో 20 రోజులు, కొత్త సంహితలో 15 రోజులు తీవ్రమైన నొప్పి ఉండాలి, లేదా రోజువారీ పనులు చేసుకోలేకపోవాలి. మంచం మీద ఉన్నంత మాత్రాన చాలదు. అలాగే వాడిన వస్తువు ప్రమాదకర ఆయుధమేనా అన్నది కూడా చూడాలి. అది కాదని తేలితే 326 కేసు 325కి దిగుతుంది.

6. గ్రౌండ్స్ రాయించడం: అసలు పని ఇక్కడే

ఇలా రాసిన గ్రౌండ్ పనికిరాదు: "శిక్ష చాలా ఎక్కువ, కావున దయతో తగ్గించవలసిందిగా ప్రార్థన."

ఇలా రాస్తే పనిచేస్తుంది (పి.డబ్ల్యు.1 అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, క్రాస్ అంటే అతన్ని ముద్దాయి వకీలు ప్రశ్నించడం): "గొడవ బండి పార్కింగ్ విషయంలో అప్పటికప్పుడు మొదలైందని పి.డబ్ల్యు.1 క్రాస్‌లో ఒప్పుకున్నాడు. కర్ర అక్కడే దొరికింది, ముందుగా తెచ్చుకున్నది కాదు. డాక్టరు చెప్పినదాని ప్రకారం దెబ్బ ఒక్కటే. తీర్పులో శిక్ష పేరా ఈ మూడింటిలో దేన్నీ ప్రస్తావించలేదు."

తేడా చూడండి. రెండో దాంట్లో ప్రతి మాటా రికార్డులో ఒక చోటును చూపిస్తుంది. సుప్రీంకోర్టు 2019లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ ఉధమ్ కేసులో శిక్షను మూడు కోణాల్లో తూచాలని చెప్పింది: నేరం ఎంత తీవ్రమైనది, నేరం చేసిన మనిషి పరిస్థితి ఏమిటి, ఇలాంటి కేసుల్లో పడిన శిక్షలతో పోలిస్తే ఇది ఎలా ఉంది. మీ గ్రౌండ్స్‌ను ఈ మూడు కట్టలుగా విడదీయండి.

నేరం వైపు: ముందస్తు పథకం లేదు, ఒకే దెబ్బ, గాయం ప్రాణాంతకం కాదు, అవతలివారు కూడా కొట్టారు. అవతలివారి మీద కౌంటర్ (ఎదురు) కేసు ఉంటే దాని నంబరు.

మనిషి వైపు: వయసు, పాత కేసులు లేకపోవడం, సంఘటన జరిగి ఇన్నేళ్లయినా బెయిలులో ఎలాంటి తప్పూ చేయకపోవడం, వాయిదాలన్నిటికీ హాజరు కావడం, కుటుంబ బాధ్యత, జైల్లో ప్రవర్తన. ఒక్కోదాని పక్కన కాగితం నంబరు వేయండి. చేపల రేవులో బోటు మీద కూలీ చేస్తున్నాడంటే బోటు యజమాని లేఖ, తల్లికి జబ్బంటే ఆసుపత్రి ఫైలు. కాగితం లేని కష్టాన్ని కోర్టు నమ్మవచ్చు, కానీ తీర్పులో రాయదు.

పోలిక వైపు: ఇలాంటి గాయం, ఇలాంటి ఆయుధం ఉన్న రెండు మూడు తీర్పులు చాలు. పాతిక జతచేస్తే ఒక్కటీ చదవరు.

అడిగే శిక్ష కూడా ఆలోచించి అడగండి. ఉధమ్ కేసులోనే, హైకోర్టు శిక్షను నాలుగు రోజులకు తగ్గించడాన్ని సుప్రీంకోర్టు తప్పుబట్టింది. అంత తక్కువ వచ్చినా ప్రభుత్వం పై కోర్టుకు వెళితే నిలవదు. నిలిచే అంకె అడగండి.

ప్రొబేషన్, అంటే జైలుకు పంపకుండా మంచి ప్రవర్తన హామీ మీద వదలడం, దీని సంగతి చాలామంది అడుగుతారు. యావజ్జీవం పడగల సెక్షన్‌లకు, అంటే 326కి, 118(2)కి, ప్రొబేషన్ చట్టం సెక్షన్ 4 వర్తించదు. 325కి, 117(2)కి వర్తిస్తుంది. అప్పీలు కోర్టు కూడా దాన్ని ఇవ్వగలదు. సంఘటనలో పెద్దగా క్రూరత్వం లేకపోతే ప్రత్యామ్నాయ కోరికగా తప్పక రాయించండి.

7. రాజీ కుదిరితే

325, 117(2) కేసులు కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు, అప్పీలు దశలో కూడా. 326, 118(2) రాజీకి వీల్లేనివి. అయినా రాజీ జరిగిందన్న విషయాన్ని శిక్ష తగ్గించడానికి చూడవచ్చు. 1973లో రామ్ పూజన్ కేసులో సుప్రీంకోర్టు 326 కింద పడిన శిక్షను అలాగే తగ్గించింది.

కానీ జాగ్రత్త. బాధితుడి ఇంటికి మీ అంతట మీరు వెళ్లకండి, మధ్యవర్తి పెద్దమనుషుల్ని పంపకండి. అది బెదిరింపుగా ఫిర్యాదు అయితే నిలుపుదల ఉత్తర్వే రద్దవుతుంది. ఇద్దరు వకీళ్ల ద్వారా గానీ, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా గానీ మాట్లాడించండి. పరిహారం చేతికి ఇవ్వకండి, కోర్టులో డిపాజిట్ చేయండి. చికిత్స ఖర్చు భరించడానికి సిద్ధమని అఫిడవిట్ ఇవ్వడం రాజీ కుదరకపోయినా ఉపయోగపడుతుంది. దెబ్బ తిన్నవారికి అది నిజంగా చేరాలి కూడా.

8. డబ్బు లేకపోతే, మనిషి జైల్లో ఉంటే

జైల్లో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం వస్తుంది. 15100కు ఫోను చేయండి, లేదా జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. హైకోర్టు అప్పీలుకు అక్కడి లీగల్ సర్వీసెస్ కమిటీ వకీలును ఇస్తుంది.

వకీలు ఎవరూ లేకపోయినా, ఖైదీ తన అప్పీలు కాగితాన్ని జైలు సూపరింటెండెంట్‌కు ఇస్తే ఆయన దాన్ని కోర్టుకు పంపాలి. సొంత వకీలు ఉంటే వకాలత్ (వకీలుకు ఇచ్చే అధికార పత్రం) మీద ఖైదీ సంతకం జైలు అధికారి ధృవీకరణతో రావాలి. దీనికి రోజులు పడతాయి, తీర్పు వచ్చిన వారంలోనే కాగితం పంపండి.

9. ఫైలు చేశాక చూసుకోవాల్సినవి

అప్పీలు మెమో, తీర్పు నకలు, వకాలత్, నిలుపుదల పిటిషన్, ఆలస్యం ఉంటే దాని పిటిషన్: ఇవన్నీ ఉన్నాయా? పేజీ కనపడకపోయినా సంతకం తప్పినా ఆఫీసు రిటర్న్ చేస్తుంది. "వేసేశాం" అన్న మాటతో ఊరుకోకండి. నంబరు పడిందో లేదో ఇ-కోర్ట్స్‌లో మీరే చూడండి. రిటర్న్ అయిన అప్పీలు వకీలు బీరువాలో ఆగిపోతే అది ఇంటివాళ్లకు వారంటు వచ్చాకే తెలుస్తుంది.

మీ అప్పీలు వల్లే శిక్ష పెరుగుతుందేమోనని భయపడకండి. ముద్దాయి వేసిన అప్పీలులో శిక్షను పెంచరు. పెంచమని ప్రభుత్వం వేరే అప్పీలు వేస్తే ఆ ప్రశ్న రావచ్చు, అప్పుడు కూడా మీ వాదన వినాలి. ఆ నోటీసు వస్తే మాత్రం ఒక్క వాయిదా కూడా వదలకండి.

వాదనల రోజుకు ఒకే పేజీ పట్టిక ఇవ్వండి: సెక్షన్, పడిన శిక్ష, ఇప్పటిదాకా జైల్లో ఉన్న రోజులు, జరిమానా కట్టిన తేదీ, అడుగుతున్న శిక్ష. జైల్లో ఉన్న రోజులకు రెమిషన్ (మంచి ప్రవర్తనకు తగ్గించే రోజులు) కలపకండి. అది జైలు ఇచ్చేది, విడిగా చూపాలి.

10. తీర్పు వచ్చాక

శిక్ష తగ్గితే సవరించిన వారంటు జైలుకు చేరిందో లేదో కనుక్కోండి. విడుదల తేదీ మీరే లెక్కగట్టండి. ఏడాదిన్నరకు తగ్గిందనుకుందాం. 2025 మార్చి 10న లోపలికి వెళ్లి ఉంటే శిక్ష 2026 సెప్టెంబరు 9న ముగుస్తుంది, ముందు 42 రోజుల రిమాండు ఉంటే జూలై 29న. జరిమానా కట్టకపోతే దాని నెలలు ఆ తర్వాత మొదలవుతాయి, రిమాండు రోజులు వాటికి జమ కావు. మీ తేదీకీ జైలు చెప్పే తేదీకీ తేడా ఉంటే సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

తగ్గకపోతే, సెషన్స్ తీర్పును మళ్లీ పరిశీలించమని హైకోర్టులో వేసే రివిజన్‌కు 90 రోజులు. హైకోర్టు తీర్పు మీద సుప్రీంకోర్టుకు స్పెషల్ లీవ్ పిటిషన్‌కు కూడా 90 రోజులే. బయట ఉన్నవారు ఈలోగా లొంగిపోవాల్సి రావచ్చు. ఆ తేదీని తీర్పులోనే చూసుకుని, నకలు దరఖాస్తు ఆ రోజే పెట్టండి.